అది పరిశోధన పత్రిక కాదు

సంపాదకుల వారికి,

హార్వర్డ్ బిజినెస్ రివ్యూ గురించి మీ వాణిజ్య పేజీలో వచ్చిన వ్యాసం చదివాం. వందేళ్లు దాటిన ఆ అమెరికా మేనేజ్‌మెంట్ పత్రిక గురించి తెలుగులో రాసేవాళ్లే తక్కువ, అందుకు సంతోషం. అయితే దాన్ని ‘ప్రామాణిక పరిశోధన పత్రిక’ అన్నారు. మన ఎంబీఏ కాలేజీలు అందులోని సూత్రాలను ఉన్నవి ఉన్నట్టుగా పాఠాల్లో చేర్చుకోవాలనీ అన్నారు. మొదటి మాట సరికాదు. అది సరికాదు కనకే రెండో సలహాతో చిక్కు.

పరిశోధన పత్రికకు ఎవరైనా వ్యాసం పంపితే, అది రచయిత పేరు లేకుండా అదే రంగంలోని ఇద్దరు ముగ్గురి దగ్గరికి వెళ్తుంది. నమూనా ఎంత, లెక్క ఎలా కట్టారు, ఇంకో కారణం ఉండే వీలు లేదా అని వాళ్లు నిలదీస్తారు. హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఈ ఏర్పాటు లేదు. ఎంపిక, కోత, తిరగరాత అన్నీ సంపాదకుల చేతుల్లోనే ఉంటాయి. పని ఒత్తిడిలో ఉన్న మేనేజరు ఒక్క బిగిన చదివి మర్నాడు ఆఫీసులో వాడుకునేలా ఉండాలన్నదే వాళ్ల కొలత. బిజినెస్ స్కూళ్ల ర్యాంకుల కోసం ఫైనాన్షియల్ టైమ్స్ 2016లో సవరించిన 50 పరిశోధన పత్రికల జాబితాలో దీనికీ చోటిచ్చింది. గందరగోళం కొంత అక్కడి నుంచే వచ్చిందని మా అనుమానం.

పుట్టుక చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 1908లో మొదలైంది. పత్రిక పెట్టినప్పటి డీన్ వాలెస్ డోనమ్ న్యాయశాస్త్రం చదివి బ్యాంకులో పనిచేసినవాడు. లాయర్లకు పాత తీర్పులు ఉన్నట్టే వ్యాపారులకూ పాత నిర్ణయాలు నమోదై ఉండాలని, వాటి నుంచి సూత్రాలు తీయవచ్చని ఆయన నమ్మకం. 1922 అక్టోబరు తొలి సంచికలో ఆయన వ్యాసం వాదించింది ఇదే. అచ్చు వేసింది ఆర్చ్ షా కంపెనీ. ఈ షా ఆఫీసు ఫైళ్ల బీరువాల వ్యాపారంలో ఉంటూ 1900లో ‘సిస్టమ్’ అనే పత్రిక పెట్టిన మనిషి. 1928లో ఆయన కంపెనీని మెక్‌గ్రా-హిల్ కొనుక్కుంది, మరుసటి ఏడాది ఆ ‘సిస్టమ్’ వారసత్వంలోనే ‘బిజినెస్ వీక్’ వచ్చింది. అంటే మేనేజ్‌మెంట్ పత్రికల్లో రెండు పెద్ద పేర్లకు మూలం ఒకే అచ్చాఫీసు. మీ వ్యాసంలో షా పేరే లేదు.

మొదట మూడు నెలలకోసారి వచ్చేది. 1985లో సంపాదకుడైన థియొడోర్ లెవిట్ వ్యాసాలు కుదించి, కార్టూన్లు పెట్టి, చదివించే గుణం పెంచాడు. మధ్యలో నెలవారీ అయింది, 2017 నుంచి రెండు నెలలకోసారి వస్తోంది.

పత్రిక పలుకుబడికి అసలు ఇరుసు రీప్రింటు. సంచిక పాతబడుతుంది కానీ విడిగా అచ్చేసిన వ్యాసం పాతబడదు. కంపెనీ శిక్షణ తరగతికి వంద కాపీలు, కాలేజీకి అరవై కాపీలు, ఇలా పోతూనే ఉంటుంది. ఉద్యోగుల ప్రేరణ మీద ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1968లో రాసిన వ్యాసం 1987 నాటికి 12 లక్షలకు పైగా రీప్రింట్లు అమ్ముడైంది. జీతం, పర్యవేక్షణ, పని పరిస్థితులు బాగా లేకపోతే అసంతృప్తి వస్తుంది, బాగున్నంత మాత్రాన ఉత్సాహం రాదు, ఉత్సాహం వచ్చేది సాధించిన తృప్తి, గుర్తింపు, బాధ్యతల వల్ల అన్నది ఆయన వాదన. ఆధారం 12 అధ్యయనాలు, 1,685 మంది ఉద్యోగులు. పద్ధతి ఏమిటంటే, ఉద్యోగంలో బాగా సంతోషించిన సందర్భం, బాగా బాధపడిన సందర్భం చెప్పమని అడగడం. అలా అడిగితే ఎవరైనా మంచి జరిగినదాన్ని తన ప్రతిభగా, చెడు జరిగినదాన్ని మేనేజరు తప్పుగా చెబుతారు కదా! హెర్జ్‌బర్గ్ అంతకుముందరి పరిశోధన మీద ఈ అభ్యంతరాన్ని విక్టర్ వ్రూమ్ 1964లోనే లేవనెత్తాడు. మన గైడ్లలో రెండు గడుల పట్టిక ఉంటుంది, వ్రూమ్ అభ్యంతరం ఉండదు.

మీ వ్యాసం ఎక్కువగా మెచ్చుకున్నది ప్రహ్లాద్, హామెల్ 1990 మే-జూన్ సంచికలో రాసిన ‘కోర్ కాంపిటెన్స్’ (కంపెనీ మూల నైపుణ్యం) వ్యాసాన్ని. మెచ్చదగ్గదే. కానీ అందులో మొదటి ఉదాహరణను కాగితం, పెన్సిలు పట్టుకుని చదవాలి. అమెరికా కంపెనీ జీటీఈ అమ్మకాలు 1980లో 998 కోట్ల డాలర్లు, 1988లో 1,646 కోట్లు. జపాన్ కంపెనీ ఎన్‌ఈసీవి అదే కాలంలో 380 కోట్ల నుంచి 2,189 కోట్లకు చేరాయి. జీటీఈ ఒకటిన్నర రెట్లు దాటితే, ఎన్‌ఈసీ ఐదున్నర రెట్లు దాటింది. నైపుణ్యాల మీద దృష్టి పెట్టడమే ఇందుకు కారణమని వ్యాసం అంటుంది. అయితే ఈ అంకెలు డాలర్లలో ఉన్నాయి. 1980లో డాలరుకు సుమారు 225 యెన్లు, 1988కి 130కి దగ్గర. యెన్లలోకి మార్చి చూస్తే ఎన్‌ఈసీ పెరుగుదల మూడు రెట్లకు కాస్త పైన తేలుతుంది. అప్పటికీ జీటీఈ కన్నా మిన్నే, కాదనలేం. కానీ తేడాలో పెద్ద భాగం మారకపు రేటుది. తర్వాత కథ చూస్తే, ఎన్‌ఈసీ మెమరీ చిప్‌ల వ్యాపారం హిటాచీ వ్యాపారంతో కలిసి ఎల్పిడా అయింది, ఆ ఎల్పిడా 2012లో దివాలా తీసింది. 2011లో పర్సనల్ కంప్యూటర్ల వ్యాపారం లెనోవోతో ఉమ్మడి సంస్థలోకి వెళ్లింది. గెలిచిన కంపెనీని గెలుస్తున్న ఏళ్లలోనే ఫొటో తీస్తే వచ్చే ఇబ్బంది ఇది.

ఒక దృష్టి, ఒక బలం అన్న ఆ మాటకు ఎదురు వాదన కూడా అదే పత్రికలో ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన కృష్ణ పాలెపు, తరుణ్ ఖన్నాతో కలిసి 1997 జులై-ఆగస్టు సంచికలో రాశారు. పెట్టుబడి, శిక్షణ పొందిన మనుషులు, వినియోగదారు నమ్మకం, ఒప్పందం అమలు చేయించే వ్యవస్థ, ఇవన్నీ బయట మార్కెట్లో సులభంగా దొరకని దేశాల్లో ఆ లోటును టాటాల వంటి గ్రూపులే తమలో తాము పూడ్చుకుంటాయని, అందుకే అక్కడ అనేక వ్యాపారాలు చేయడం తెలివితక్కువ పని కాదని వాళ్ల వాదన. మన దగ్గర పాఠం చెప్పాలంటే ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెప్పాలి. మొదటిదే సిలబస్‌లో ఉంటే విద్యార్థి తన ఊరి వ్యాపార కుటుంబాన్ని చూసి పెదవి విరవడం నేర్చుకుంటాడు.

పరీక్ష పేపర్లలో ఏటా కనిపించే ఇంకో పొరపాటు, పరిశ్రమలో పోటీని నిర్ణయిస్తాయని మైకేల్ పోర్టర్ చెప్పిన ఐదు శక్తులది. 1979 వ్యాసం సారాంశం బట్టీపట్టి, చివర ‘ఆరో శక్తి ప్రభుత్వం’ అని కలుపుతారు. పోర్టరే 2008 జనవరిలో దాన్ని తిరగరాసి, ప్రభుత్వం, సాంకేతికత, పరిశ్రమ పెరుగుదల విడి శక్తులు కావని, అవి ఐదు శక్తుల ద్వారానే పనిచేస్తాయని వివరించాడు. పాఠానికి 2008 వ్యాసం వాడాలి.

బ్యాలెన్స్‌డ్ స్కోర్‌కార్డ్ (కంపెనీ పనితీరును లాభనష్టాలతో పాటు ఇతర కొలతలతోనూ చూసే పద్ధతి; 1992, కాప్లన్, నోర్టన్) విషయంలో ఇంకో జాగ్రత్త కావాలి. అందులో కనిపించే ‘ఎలక్ట్రానిక్ సర్క్యూట్స్’ మారుపేరు పెట్టిన కంపెనీ. ఇలాంటి పద్ధతిని అంతకుముందే అనలాగ్ డివైసెస్‌లో ఆర్ట్ ష్నైడర్‌మన్ అమలు చేశాడు. అలాగే పత్రికలో ‘కేస్ స్టడీ’ శీర్షిక కింద వచ్చేవి కల్పిత కథలు, చివర నిపుణుల అభిప్రాయాలుంటాయి. తరగతిలో వాడే హార్వర్డ్ కేసులు వేరు, అవి ఎక్కువగా నిజమైన కంపెనీలవి. ప్రాజెక్టు రిపోర్టుల్లో కల్పిత కంపెనీని నిజమైనదిగా ఉటంకించేది ఈ తేడా తెలియకే.

మన గడప దగ్గరి ఉదాహరణ ఒకటి మీ వ్యాసంలో రాలేదు. కాకినాడ ప్రయోగం ప్రతి ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ గైడులోనూ ఉంటుంది. సాధించాలన్న తపనను శిక్షణతో పెంచవచ్చని ఆ ప్రయోగం వెనక ఉన్న మనోవిజ్ఞాని డేవిడ్ మెక్లెలాండ్ వాదించింది 1965లో ఈ పత్రికలోనే. చాలా గైడ్లు మూడు నెలల శిక్షణ అని రాస్తాయి. కాకినాడ వ్యాపారులకు హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ, అంటే సియెట్, ఇచ్చినవి పది రోజుల కోర్సులు. పోల్చి చూడటానికి రాజమండ్రి వ్యాపారులను తీసుకున్నారు. పట్టికలు, వివరాలు కావాలంటే మెక్లెలాండ్, వింటర్ 1969లో వేసిన పుస్తకం తెరవాలి. పత్రిక వ్యాసం గుమ్మం మాత్రమే.

చివరగా అనుమతుల సంగతి. ‘లైబ్రరీలో డేటాబేస్ చందా ఉందిగా’ అని పీడీఎఫ్ దింపి తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టడం మన కాలేజీల్లో మామూలే. ఎబ్‌స్కో డేటాబేస్ ద్వారా ఈ పత్రిక తీసుకునే లైబ్రరీలకు, బాగా పేరున్న 500 వ్యాసాలను 2013 నుంచి తెర మీద చదువుకునే వీలుకే పరిమితం చేశారు. వాటిని ముద్రించడం, దింపుకోవడం కుదరదు. మిగతా వ్యాసాలను కూడా కోర్సులో తప్పనిసరి పాఠంగా ఇవ్వడానికి ఆ చందా చాలదు. సిలబస్‌లో శాశ్వత లింకు ఇచ్చినా ఉల్లంఘనే. విద్యార్థులకు ఇవ్వదలిస్తే హార్వర్డ్ బిజినెస్ పబ్లిషింగ్ దగ్గర తలకు ఒక కాపీ చొప్పున విడిగా కొనాలి. ఆ ఖర్చు భరించలేని కాలేజీల్లో విద్యార్థులు తమంతట తాము లైబ్రరీలో చదువుకోవచ్చు, దానికి అడ్డేమీ లేదు.

మేనేజ్‌మెంట్ అధ్యాపకులు కొందరు,
విశాఖపట్నం