గాదె నిండింది, గడపకు చేరిందా?

సంపాదకులకు నమస్కారం.

చరిత్ర నేపథ్యంగా వచ్చే వ్యూహాత్మక వీడియో గేమ్‌ల మీద పత్రికల్లో వచ్చే సమీక్షలు ఎక్కువగా యుద్ధాలు, సైన్యాలు, గ్రాఫిక్స్ దగ్గరే ఆగిపోతున్నాయి. ఇరవై ఏళ్లకు పైగా ఈ ఆటలు ఆడుతున్నవాడిగా నా మనవి ఒక్కటే. ఒక ఆట రాజ్యపాలనను ఎంత నిజాయితీగా చూపిస్తోందో తేల్చుకోవాలంటే ముందుగా అందులోని ధాన్యం బండ్లను గమనించాలి. పండిన గింజ పొలం నుంచి తినేవాడి ఇంటి దాకా ఏ దారిన, ఎవరి చేతుల మీదుగా, ఎన్నాళ్లకు చేరుతుందో చూపని ఆట, ఆకలికి కారణం పంట తగ్గడమేనన్న పొరపాటు అభిప్రాయాన్ని ఆటగాడి మనసులో నాటుతుంది.

1998లో వచ్చిన ‘సీజర్ 3’ రోమన్ నగరాలను కట్టే ఆట. అందులో గోధుమ పండగానే బండివాడు దానిని ధాన్యాగారానికి తోసుకెళతాడు. అక్కడ చోటు లేకపోతే బండితో సహా నిలబడిపోతాడు, తరువాతి పంట పొలంలోనే ఆగిపోతుంది. బజారు నుంచి ఒకామె ధాన్యాగారానికి వెళ్లి సరుకు తీసుకుంటుంది, తిరిగి వచ్చేటప్పుడు ఆమె వెనక బుట్టలు మోస్తూ కుర్రవాళ్లు వరుసగా నడుస్తారు. అలా బజారుకు చేరిన తిండిని ఇంకొకామె వీధుల వెంట తిరుగుతూ, తాను దాటివెళ్లిన ఇళ్లకు మాత్రమే అందిస్తుంది. ఈ రెండో ఆమె ఏ కూడలిలో ఎటు మళ్లుతుందో ఆటగాడి చేతిలో ఉండదు.

ఒకసారి నా నగరంలో ధాన్యాగారం నిండుగా ఉండగానే ఒక వీధిలోని ఇళ్లన్నీ ఒకదాని తరువాత ఒకటి స్థాయి దిగజారి గుడారాలుగా మారిపోయాయి. మరో రెండు పొలాలు వేశాను, ఫలితం లేదు. చివరికి ఆట వేగం తగ్గించి బజారు మనిషి వెంటే చూపు నిలిపితే అసలు సంగతి తెలిసింది. నేను కొత్తగా వేసిన చిన్న అడ్డదారి వల్ల అక్కడ ఒక కూడలి ఏర్పడింది. ఆమె మాటిమాటికీ అటు మళ్లి, ఇల్లన్నది లేని ఆ దారి చివరి దాకా నడిచి, వెనక్కి వచ్చేస్తోంది. ఆ దారి ముక్కను తీసేశాక వీధి మెల్లగా కోలుకుంది. నగరంలో గింజలకు కొరత లేదు, కొరతల్లా ఆ గడపల ముందు నుంచి నడిచి వెళ్లే మనిషికే. 1999లో అదే సంస్థ తెచ్చిన ‘ఫారో’లో ఇలా దిక్కు లేకుండా తిరిగేవారిని ఆపడానికి రోడ్‌బ్లాక్‌లు వచ్చాయి కాబట్టి ఈ బాధ చాలావరకు తగ్గింది.

నిజమైన రోమ్‌లో ఇంటింటికీ బుట్ట తెచ్చేవారు లేరన్నది కూడా ఇక్కడ చెప్పాలి. క్రీ.పూ. 123లో ట్రిబ్యూన్ (ప్రజల తరఫున ఎన్నికైన అధికారి) గయస్ గ్రాకస్ తెచ్చిన చట్టంతో పౌరులకు నిర్ణీత ధరకు ధాన్యం దొరికింది, క్రీ.పూ. 58లో మరో ట్రిబ్యూన్ క్లోడియస్ దానిని ఉచితం చేశాడు. నెలకు ఐదు మోడియస్‌లు (రోమన్ ధాన్యపు కొలత), అంటే సుమారు 33 కిలోలు, జాబితాలో పేరున్న పౌరుడే వచ్చి తీసుకెళ్లాలి. జూలియస్ సీజర్ ఆ జాబితాను 3,20,000 మంది నుంచి 1,50,000 మందికి కుదించాడు. తిండి ఎవరికి అందుతుందన్నది ఆ జాబితాలో పేరు ఉండటం మీద ఆధారపడిన విషయం. ఏ ఆటలోనూ ఇంతవరకు నాకు అలాంటి జాబితా ఎదురుకాలేదు.

దీనికి పూర్తిగా భిన్నమైనవి ఎక్కువమంది ఆడే ఆటలు. 1999 నాటి ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’లో ఒక మూల మిల్లులో పడిన గింజ అదే క్షణంలో మ్యాప్ రెండో మూలన సైనికుడిని తయారు చేయడానికి ఖర్చవుతుంది. తయారైన సైనికుడు ఆ తరువాత ఎంతకాలం బతికినా ఒక్క పూట తినడు. ‘సివిలైజేషన్ 5’కు 2013లో వచ్చిన విస్తరణలో మన ఒక నగరం నుంచి మరో నగరానికి ఆహారం పంపవచ్చు, అయితే పంపిన నగరంలో ఒక్క గింజ కూడా తగ్గదు! పడవ మీద పంపితే బండి మీద కంటే ఎక్కువ చేరుతుందన్న నియమాన్ని మాత్రం నేను మనసారా మెచ్చుకుంటాను.

ఎందుకంటే ఆ ఒక్క నియమంలో ప్రాచీన ప్రపంచపు పెద్ద నిజం ఇమిడి ఉంది. క్రీ.శ. 301లో రోమన్ చక్రవర్తి డయోక్లెటియన్ జారీ చేసిన ధరల శాసనం 1,200 పౌండ్ల సరుకు మోసే బండికి మైలుకు 20 డెనారీల (రోమన్ నాణేల) కిరాయి నిర్ణయించింది. ఆ లెక్కన కొన్ని వందల మైళ్లు వెళ్లేసరికే గోధుమ వెలతో సమానంగా కిరాయి పడుతుంది. ఈజిప్టు గోధుమ సముద్రం దాటి రోమ్‌ను పోషించగలిగింది కానీ, తీరానికి దూరంగా ఉన్న పట్టణం చుట్టుపక్కల పంట పోతే అల్లాడిపోయింది. దూరాన్ని, రవాణా ఖర్చును లెక్కలోకి తీసుకోని ఆటలో రేవుపట్టణానికి, లోతట్టు పట్టణానికి తేడా ఎలా తెలుస్తుంది?

తిండి వీధి దాకా వచ్చాక కూడా ధర అనే గడప ఒకటి మిగిలే ఉంటుంది. క్రీ.శ. 362లో రోమన్ సామ్రాజ్యపు తూర్పు ప్రాంతంలోని ఆంటియోక్ నగరంలో ఆహార కొరత వచ్చినప్పుడు రోమన్ చక్రవర్తి జూలియన్ ధర నిర్ణయించి, పరిసర నగరాల నుంచి 4,00,000 కొలతల ధాన్యం తెప్పించాడు. పది కొలతల ధరకు పదిహేను కొలతలు అమ్మించానని ఆయనే రాసుకున్నాడు. ఆ చవక ధాన్యాన్ని డబ్బున్నవారు కొనేసి పక్కకు మళ్లించడంతో పేదవాడి ఇబ్బంది తీరలేదు. ‘సీజర్ 3’లో ఇల్లు తిండికి వెల కట్టదు కాబట్టి ఈ కథ అందులో జరగడానికి వీల్లేదు. 2022లో వచ్చిన ‘విక్టోరియా 3’లో మాత్రం జనం తమ ఆదాయంతోనే సరుకులు కొనుక్కోవాలి, ధర పెరిగితే వారి జీవన ప్రమాణం పడిపోతుంది, రైలుమార్గాల వంటి సదుపాయాలు చాలని ప్రాంతానికి మార్కెట్ సరిగా అందదు. బండ్లు, బుట్టలు కంటికి కనిపించకపోయినా ఆ ఆట ఈ విషయంలో మిగతావాటి కంటే ముందుంది.

కనుక మీ పత్రికలో ఇటువంటి ఆటలను సమీక్షించేవారికి నా అభ్యర్థన ఇది. ఆయుధాల వర్ణనకు కేటాయించే చోటులో నాలుగు వాక్యాలు తగ్గించి, ధాన్యాగారం నిండుగా ఉండగా ఒక ఇల్లు పస్తులుండటం ఆ ఆటలో సాధ్యమేనా, సాధ్యమైతే అందుకు కారణాన్ని ఆటగాడు వెతికి పట్టుకునే వీలుందా అన్నది రాయండి. ఆ నాలుగు వాక్యాలు చదివితే, ఆ ఆట కొనాలో వద్దో నా వంటివారు తేల్చుకోగలరు.

భవదీయుడు,
ఒక పాఠకుడు