అటెస్టేషన్ ఫారంలో పాత కేసులు దాచవద్దు

సంపాదకుడికి,

కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎంపికయ్యాక తమ పూర్వ వివరాలు రాసిచ్చే అటెస్టేషన్ ఫారంలో పాత కేసును దాచి, చేతికందిన కొలువును పోగొట్టుకుంటున్న అభ్యర్థులు ప్రతి నియామకంలోనూ కనిపిస్తున్నారు. ఇందులో వారి తప్పుతో పాటు వారికి సలహా ఇచ్చిన పెద్దల తప్పూ ఉంది.

మా మండలంలో ఒక కుర్రవాడి మీద వినాయక నిమజ్జనం నాటి కొట్లాట కేసు ఉండేది. లోక్ అదాలత్‌లో ఇరుపక్షాలూ రాజీపడడంతో అది ముగిసింది. ‘కేసే లేనప్పుడు రాయడమెందుకురా’ అని ఇంట్లోవాళ్లు అనడంతో అతను ఫారంలో కేసుల గురించి అడిగే గడిలో ‘లేదు’ అని రాశాడు. రాజీతో కేసు ముగుస్తుంది గాని స్టేషన్ రికార్డుల్లో ఎఫ్‌ఐఆర్ చెరిగిపోదు. అభ్యర్థుల పూర్వాపరాలు ఆరా తీసే పోలీసు స్పెషల్ బ్రాంచి విచారణలో అది బయటపడి ఎంపిక రద్దయింది. ఉన్నదున్నట్టు రాసి లోక్ అదాలత్ అవార్డు (తీర్పు) నకలు జతచేసి ఉంటే అధికారులు తేల్చవలసింది ఆ చిన్న కొట్లాట సంగతే అయ్యేది.

అవతార్ సింగ్ కేసులో 2016 జులైలో సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనం, చిన్న వయసులో నినాదాలు చేయడం వంటి స్వల్ప విషయాలను దాచినా అధికారులు విచక్షణతో మన్నించవచ్చని, పెండింగులో ఉన్న పలు కేసులను కావాలని దాస్తే మాత్రం ఆ ఒక్క కారణంతోనే ఎంపికను రద్దు చేయవచ్చని చెప్పింది. నిజం రాసినా పూర్వ నడవడిని పరిశీలించే హక్కు నియామకాధికారికి ఉంటుందని కూడా అదే తీర్పు స్పష్టం చేసింది. తుపాకీ, లాకప్ తాళం అప్పగించే ఉద్యోగానికి ఆ పరిశీలన ఉండి తీరాలి.

అయితే అడిగేవారికీ బాధ్యత ఉంది. ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ ఎంపికపై 2005లో సుప్రీంకోర్టు తేల్చిన కేసులో, ఫారం అడిగింది శిక్ష పడిందా, ముందస్తు నిర్బంధ చట్టాల కింద ఉంచారా అని మాత్రమే. అరెస్టు గురించి, పెండింగు కేసు గురించి అడగనప్పుడు రాయకపోవడం దాపరికం కాదని కోర్టు అభ్యర్థి పక్షాన తీర్పునిచ్చింది.

కనుక రెండు రాష్ట్రాల నియామక మండళ్లూ నమోదైన కేసు, అరెస్టు, ఛార్జిషీటు, రాజీ, కొట్టివేత అన్నవాటిని విడివిడి ప్రశ్నలుగా, ముగిసిన కేసు కూడా రాయాలన్న వివరణతో, నోటిఫికేషన్‌తో పాటే తేట తెలుగులో ప్రకటించాలి. స్పెషల్ బ్రాంచి విచారణ మొదలయ్యేలోగా, తెలియక తప్పు రాసినవారు దానిని స్వయంగా సరిదిద్దుకోవడానికి కొద్ది రోజుల గడువు కూడా ఇవ్వాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఖమ్మం జిల్లా