గరుడ మాస్కు వెనకున్న అందరికీ థాంక్స్

ఆదివారం మా ప్రదర్శన అయిపోయింది. హాలు నిండింది, ఎవరికీ దెబ్బలు తగల్లేదు, గజ్జెలూ తెగలేదు. ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ పెడదామనుకున్నా కానీ పేర్లు రాసుకుంటూ పోతే లిస్టు ఆగట్లేదు, అందుకే అందరి ముందూ ఇక్కడే చెప్పేస్తున్నా. కొంచెం పొడుగ్గా ఉంటుంది, మీరు చేసింది కూడా చిన్న సాయం కాదు కదా.

రాలేకపోయినవాళ్ళ కోసం ముందు సంగతేంటో చెప్తా. మేం ఆడింది వినత కథ. సవతులు కద్రువ, వినత పందెం వేసుకోవడం, పాములు వెళ్ళి ఉచ్చైశ్రవం తోకకి చుట్టుకోవడం, ఓడిన వినత దాసీ అవడం, తల్లిని విడిపించడానికి గరుత్మంతుడు అమృతం తేవడం, ఇదంతా మనకి తెలిసిందే. దీన్ని మా కూచిపూడి పిల్లలూ, ఇక్కడి జపాన్ సంప్రదాయ నృత్యం నిహోన్ బుయో నేర్చుకునేవాళ్ళూ కలిసి మాస్కులు పెట్టుకుని చేశారు.

ఈ కథే ఎందుకంటే, గరుత్మంతుడు జపాన్‌కి మనకంటే ఎంతో ముందు వచ్చేశాడు. ఇక్కడ ఆయన పేరు కరుర. 612లో కొరియా వైపు నుంచి మిమాషి అనే కళాకారుడు గిగకు అనే మాస్కుల నాట్యాన్ని ఈ దేశానికి తెచ్చాడని వీళ్ళ పాత చరిత్ర చెప్తుంది. అందులో ముక్కున్న కరుర ఒక పాత్ర, బారమోన్ అని బ్రాహ్మణుడు ఇంకో పాత్ర. ఆ నాట్యం ఎప్పుడో అంతరించింది, మాస్కులు మిగిలాయి. టోక్యో నేషనల్ మ్యూజియంలో హోర్యూజి గుడి వస్తువులు పెట్టిన భవనంలో వాటికి ఒక గదే ఉంది (అన్ని రోజులూ తెరవరు, కనుక్కుని వెళ్ళండి). వచ్చి 1400 ఏళ్ళు దాటిపోయింది, కాబట్టి మీ దేశం ఎప్పుడెళ్తున్నారని కరురని ఎవరూ అడగరు. ఇక్కడే పుట్టి, తెలుగు కంటే జపనీస్ బాగా మాట్లాడే మా నిషికసాయ్ (టోక్యోలో మేం ఉండే పేట) పిల్లల్ని మాత్రం ఇంకా అడుగుతూనే ఉంటారు. సెలవులకి గుంటూరు వెళ్తే అక్కడ వీళ్ళు "జపాన్ పిల్లలు". ఈ ప్రదర్శన పుట్టిందే ఆ చిరాకులోంచి.

మొదటి థాంక్స్ మాస్కులు చెక్కిన పెద్దాయనకి. ఆయన మామూలుగా చేసేవి నో అనే పాత జపాన్ నాటకాల మాస్కులు. హినోకి చెక్కని చెక్కి, ఆల్చిప్పల పొడిని జిగురులో కలిపి పొర మీద పొర పూసి, ఆరబెట్టి, మళ్ళీ పూస్తారు. గిగకు మాస్కులేమో తల మొత్తాన్ని కప్పేసేంత పెద్దవి. అది తగిలించుకుని మన జతులు తొక్కితే రెండో నిమిషానికి ఊపిరాడదు. ఆ మాట చెప్తే సంప్రదాయం చెడిపోతుందని కోప్పడతారేమో అనుకున్నాం. ఆయన నవ్వి, కిరి అనే చాలా తేలిక చెక్క తీసుకుని, ముఖం వరకే చేసి, ముక్కు కింద గాలి ఆడేలా పెద్ద కంత పెట్టారు. అక్కడితో వదల్లేదు, రిహార్సల్స్‌కి ఉలి పట్టుకుని వచ్చేవారు. అమ్మాయి ఆగి ఆయాసపడితే మాస్కు తీసుకుని లోపల ఎక్కడ ఒత్తుకుంటోందో అడిగి, అక్కడికక్కడే చెక్కి ఇచ్చేవారు. సెన్సే, మేమిచ్చింది మీ కష్టానికి ఏ మూలకీ సరిపోదని మాకు తెలుసు.

మాస్కులు వచ్చిన రోజు మా మాస్టారు వీడియో కాల్‌లో చెప్పిన మొదటి మాట, వాటిని నేల మీద పెట్టొద్దని. తంజావూరు దగ్గర మెలట్టూరులో ఇప్పటికీ తెలుగులో ఆడే భాగవత మేళంలో నరసింహస్వామి మాస్కుకి పూజ చేస్తారు, ఊరికే తీసి తగిలించుకోవడం ఉండదు. ఇది జపనీస్‌లో ఎలా చెప్పాలా అని నేను తడుముకుంటుంటే పెద్దాయన అప్పటికే గుడ్డ పరిచి మాస్కులు దాని మీద పెడుతున్నారు. నోలో కూడా వేదిక మీదికి వెళ్ళేముందు అద్దాల గదిలో నటుడు మాస్కుకి దణ్ణం పెట్టుకునే ముఖానికి కట్టుకుంటాడట. మాస్టారూ, మా రిహార్సల్ ఎనిమిదిన్నరకంటే మీకు తెల్లవారుజామున ఐదు. అయినా ప్రతిసారీ తాళం పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. పాదాభివందనాలు.

బుయో నేర్పే మేడమ్ గారి గురించి ఎంత రాసినా తక్కువే. మన నాట్యమంతా ముఖంలోనే ఉంటుంది, చెయ్యి ఎటు వెళ్తే చూపు అటు వెళ్ళాలని నేర్చుకున్నవాళ్ళం. ముఖమే కప్పేస్తే ఇంకేం మిగులుతుందని నాకు లోపల పెద్ద టెన్షన్. ఆవిడ మాస్కు పెట్టుకుని గడ్డం కొంచెం దించి చూపించారు, అంతే, ఆ చెక్క ముఖం దిగులుగా మారిపోయింది. కొంచెం పైకెత్తితే వెలుగొచ్చింది. కళ్ళు తిప్పే బదులు మెడ తిప్పాలి, అదీ నెమ్మదిగా, లేకపోతే బొమ్మలా కనిపిస్తుంది. మా పిల్లలకి ఆ నెమ్మది రావడానికి ప్రాణం పోయింది!

కద్రువని విలన్‌ని చేయొద్దని పట్టుబట్టింది కూడా ఆవిడే. కద్రువకి హన్య మాస్కు పెట్టారు. కొమ్ములు, కోరలు ఉండే ఆ మాస్కు నోలో అసూయతో రగిలిపోయిన ఆడదానిది. ముందు వరసలో మనవాళ్ళు అది చూసి రాక్షసి అనుకున్నారు, వినబడింది నాకు. కానీ దాన్ని తిన్నగా చూస్తే కోపం, తల వంచితే ఏడుపు. పాములు దర్భల మీద అమృతం కోసం నాకి నాలుకలు చీల్చుకున్నాక కద్రువ తల వంచుతుంది చూడండి, అక్కడ హాల్లో దగ్గు కూడా వినబడలేదు. ఇన్నేళ్ళుగా ఈ కథ చెప్తున్నా, పాముల తల్లి వైపు నుంచి నేనెప్పుడూ ఆలోచించలేదు.

కొత్సుజుమి వాయించినాయనకి థాంక్స్. మన మృదంగానికి రవ్వ పెట్టినట్టు ఆయన ఆ చిన్న డప్పు చర్మం మీద తడి కాగితం ముక్క అంటించి, మధ్యమధ్యలో ఊపిరి ఊది తేమ పట్టించేవారు, అప్పుడే ఆ గొంతు పలుకుతుందట. మన జతికీ ఆయన విరామానికీ మొదట్లో అస్సలు పొసగలేదు. మేం ఖాళీ కనిపిస్తే నింపేస్తాం, ఆయనేమో ఖాళీ కోసమే వాయిస్తారు. చివరికి గరుత్మంతుడు అమృతం దగ్గరికి వచ్చి ఆగే చోట మేం మా జతి కోసేశాం, ఆయన దెబ్బ ఒక్కటే ఉంచాం. ప్రదర్శన మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు అదే.

ఇక హాలు. ముందు అనుకున్న చోట గజ్జెలనగానే కుదరదన్నారు. ఇప్పుడు ఆడిన హాల్లో స్టేజీ చూసుకునే అన్నయ్య మాత్రం కుదరదనకుండా ఆలోచించి చెప్తానన్నాడు. బుయోకి స్టేజీ మీద హినోకి పలకలు పరుస్తారు, వాటి మీదికి తెల్లటి తబి మేజోళ్ళు లేకుండా ఎక్కకూడదు. మనకేమో వట్టి కాళ్ళు, పైగా ఇత్తడి గజ్జెలు. సగం స్టేజీకే పలకలు పరిచి, మిగతా సగం మామూలు నేలగా వదిలేద్దామన్న ఐడియా ఆయనదే. ఆ మధ్య గీతే చివరికి మా కథ అయిపోయింది. పక్కచూపు ఉండదు కాబట్టి మాస్కు కంతల్లోంచి కనిపించేలా స్టేజీ అంచున చిన్న లైట్లు కూడా అతికించాడు.

ఆఖర్లో అందరూ గీత దగ్గరికొచ్చి మాస్కులు తీశారు కదా. వట్టి కాళ్ళతో గజ్జెలు మోగించిన గరుత్మంతుడు జపాన్ అమ్మాయి, నా దగ్గర కూచిపూడి నేర్చుకుంటోంది. తబి వేసుకుని జారుతున్నట్టు నడిచిన కద్రువ మన తెలుగు పిల్ల, చిన్నప్పటి నుంచీ బుయో నేర్చుకుంటోంది. పెద్ద పాముగా చేసిన అబ్బాయి బ్రెజిల్‌లో పుట్టాడు, ముత్తాత జపాన్ నుంచి వలస వెళ్ళాడు. 1990లో చట్టం మారాక ఇలాంటి కుటుంబాలు చాలానే ఇక్కడికి వచ్చాయి. అక్కడ అతన్ని జపాన్‌వాడు అన్నారు, ఇక్కడ బ్రెజిల్‌వాడు అంటారు. పాము వేషం నాకే ఇవ్వండని అడిగి మరీ తీసుకున్నాడు. మాస్కులు తీయగానే హాల్లో గుసగుసలు మొదలయ్యాయి, ఒక పిన్నిగారైతే గట్టిగానే "మరి మన పిల్ల ఏదీ?" అన్నారు. పిన్నిగారూ, మీకూ థాంక్స్, అంతకంటే మంచి డైలాగు మేం రాసుకోలేకపోయాం.

యోకోహామా నుంచి వచ్చి పాడిన అక్కకి, రాత్రుళ్ళు కూర్చుని రెక్కలు కుట్టిన వదినలకి, గ్రీన్ రూమ్‌లో అందరికీ పులిహోర, పెరుగన్నం అందించినవాళ్ళకి (డప్పు మాస్టారు మూడుసార్లు వడ్డించుకున్నారు), కాంజీ లిపి చదవలేక హాలు ఫారాలు పట్టుకుని నిలబడ్డ నాకు అవన్నీ నింపిపెట్టిన ఎదురింటి ఒబాసాన్‌కి బోలెడు థాంక్స్.

టికెట్ల డబ్బులు హాలు అద్దెకి, మాస్కుల చెక్కకి సరిపోయాయి, కొంచెం మిగిలింది కూడా. దాన్ని ఏం చేయాలో వచ్చే శనివారం క్లాసులో అందరం కూర్చుని తేలుద్దాం, వీలైతే పెద్దాయన్ని కూడా పిలుస్తాను. హాల్లో ఒక నీలం రంగు పిల్లల జాకెట్, రెండు స్టీలు డబ్బాలు, ఒక కాలి గజ్జె మిగిలాయి. నా దగ్గరే ఉన్నాయి, ఎవరివో చెప్పి తీసుకెళ్ళండి.