ఆ రాత్రి పక్కన కూర్చున్న మా మేనేజర్ గారికి

2016 నవంబర్ 10. పెద్ద నోట్లు రద్దయ్యాక బ్యాంకులు తెరిచిన మొదటి రోజు. క్యాషియర్‌గా నాకు అప్పటికి మూడు నెలల అనుభవం. క్యూ రోడ్డు దాకా ఉంది. సాయంత్రం లెక్క చూస్తే 4,000 తక్కువ. తగ్గితే క్యాషియరే కట్టుకోవాలి. డబ్బు కన్నా, నన్ను దొంగ అనుకుంటారేమోనని టెన్షన్. చేతులు వణికాయి.

మా మేనేజర్ గారు ఒక్క మాటా అనలేదు. ముందు మా నాన్నగారికి ఫోన్ చేసి, "అమ్మాయిని నేనే దింపుతానండీ, కంగారు పడకండి" అన్నారు. తన క్యారేజీలోని పెరుగన్నం నా ముందు పెట్టి, "తిను తల్లీ, ఆకలితో లెక్క కుదరదు" అన్నారు. చొక్కా చేతులు మడిచి, స్పాంజి తడి చేసుకుని, కట్టలన్నీ విప్పి ఒక్కొక్కటీ చేత్తో లెక్కపెట్టారు. ఆయనా పొద్దున్నుంచి కూర్చోలేదు పాపం.

పదిన్నరకి దొరికింది. వంద ఉండాల్సిన ఒక వెయ్యి రూపాయల నోట్ల కట్టలో 104 ఉన్నాయి!

"లెక్కపెట్టేటప్పుడు ఎవరు పిలిచినా తలెత్తకమ్మా" అన్నారు, అంతే. మర్నాడు బ్రాంచిలో ఎవరికీ ఈ సంగతి తెలియదు.

సార్, ఆ రాత్రి ఏడుపొచ్చి థాంక్స్ కూడా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. మీకు నా నమస్కారాలు.