క్యాన్సర్ వచ్చిన ఇంటికి 'తోడు నిధి': రామాలయం కమిటీ విజ్ఞప్తి

భక్తులకు, కాలనీ వాసులకు, ధర్మసాగర్, హసన్‌పర్తి, ఐనవోలు వైపు నుంచి మన గుడికి వచ్చిపోయే అక్కాచెల్లెళ్లకు, అన్నదమ్ములకు హనుమకొండ నుంచి రామాలయం కమిటీ నమస్కారాలు.

కార్తీక మాసం దగ్గరపడింది. ఏటా ఈ రోజుల్లో రశీదు పుస్తకం పట్టుకుని మీ గడపకు వస్తాం. దీపాల నూనెకు, అన్నదానానికి, వనభోజనాలకు అడుగుతాం. ఈసారి వాటితో పాటు ఇంకొకటి అడుగుతున్నాం. క్యాన్సర్ వచ్చినవాళ్ల వెంట దవాఖానకు పోయి, దగ్గరుండి చూసుకునేవాళ్ల ఖర్చు కోసం 'తోడు నిధి' పెడుతున్నాం. గోపురం రంగులు వచ్చే ఏడాదికి వాయిదా వేశాం. గణపతి నవరాత్రులకు డీజే వద్దనుకుంటే మిగిలిన డబ్బు ఇందులో మొదటి జమ. (డీజే లేదనేసరికి యూత్ పిల్లలు అలిగారు. డబ్బు ఎటు పోతోందో చెప్పాక ఇప్పుడు వాళ్లే డబ్బా పట్టుకుని తిరుగుతున్నారు.)

"రోగికి కాకుండా తోడున్నవాళ్లకా?" అని మీటింగులో ఒక పెద్దాయన అడిగారు. మీకూ అదే అనిపించవచ్చు, అందుకే వివరంగా రాస్తున్నాం.

వైద్యానికి ఏదో ఒక దారి ఉంది. ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ ఆపరేషన్లు, కీమో, రేడియేషన్ ఉన్నాయి. 2023 డిసెంబరు నుంచి మన రాష్ట్రంలో దాని పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ దవాఖాన 1955 నుంచి పేదవాళ్లకు పెద్ద దిక్కు. కొన్ని వైద్యాలు వరంగల్‌లోనే దొరుకుతున్నా, చాలామంది ఇప్పటికీ హైదరాబాద్ బస్సే ఎక్కుతున్నారు. అక్కడిదాకా పోవడం, అక్కడ ఉండటం, తినడం, ఇక్కడ కూలి పోగొట్టుకోవడం, వీటికి ఏ కార్డూ పనిచేయదు.

రేడియేషన్ సంగతే తీసుకోండి. మామూలుగా వారానికి ఐదు రోజుల చొప్పున, జబ్బును బట్టి కొన్ని వారాల పాటు ఇస్తారు. చాలామందికి ఐదారు వారాలు పడుతుంది. మిషన్ కింద పడుకునేది కొన్ని నిమిషాలే. ఆ కొన్ని నిమిషాల కోసం సుమారు 150 కిలోమీటర్లు రోజూ పోయి రాలేరు కాబట్టి గది తీసుకోవాల్సిందే. కీమో ఇంకో తీరు. చాలామందికి మూడు వారాలకోసారి ఉంటుంది. ఎక్కించిన రోజు మనిషి బాగానే కనబడుతుంది. ఇంటికొచ్చాక వాంతులు, నీరసం, నోటిపూత మొదలవుతాయి. అప్పుడు పక్కన మనిషి ఉండాలి. ఆ ఉండే మనిషికి పని పోతుంది.

మన కాలనీలో ఆటో నడిపే తమ్ముడొకతను ఉన్నాడు. పేరు రాయొద్దన్నాడు, రాయం. భార్యకు రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్, కీమో అన్నీ ఆరోగ్యశ్రీలోనే అయ్యాయి. రేడియేషన్ మొదలయ్యేసరికి ఆటోకు కవరు కప్పి ఇంటి ముందు పెట్టి ఆమె వెంట పోయాడు. ఆటో ఆగింది గానీ ఫైనాన్స్ కిస్తీ ఆగలేదు. పిల్లలిద్దరినీ పక్కింటి అవ్వ చూసుకుంది. అక్కడ ఇంకో కుటుంబంతో కలిసి ఒకటే గది, మధ్యలో చీర అడ్డం. ఆమెకు రాగి జావ కాచిపెట్టి, తను మాత్రం ఎక్కడ అన్నం పెడుతున్నారో కనుక్కుని అక్కడికి పోయేవాడు. దొరకని రోజు తిన్నానని చెప్పి పడుకునేవాడు. "మందుకు రూపాయి కాలేదు సార్, అయినా అప్పు మిగిలింది" అన్నాడు. ఆ అప్పు లెక్క చీటీ మీద రాసిచ్చాడు: గది కిరాయి, బస్సు చార్జీలు, టిఫిన్లు, ఆటో కిస్తీ, జిరాక్సులు. జిరాక్సులు కూడా ఒక ఖర్చేనా అనుకునేవాళ్లు ఆ ఫైలు చూడాలి. బయాప్సీ రిపోర్టు, స్కాన్ ఫిల్ములు, ఆధార్, రేషన్ కార్డు కాపీలు, ప్రతి కిటికీ దగ్గర ఒక సెట్టు. అంతా ఒక సన్నబియ్యం సంచిలో పెట్టుకుని, బస్సులో ఒళ్లోంచి దించకుండా తెచ్చుకునేవాడు.

మహాలక్ష్మి పథకం వల్ల పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఆమె ప్రయాణం ఉచితం, అతని టికెట్ అతనిదే. కీమో అయిన మనిషిని కిక్కిరిసిన బస్సులో ఉప్పల్ నుంచి తీసుకురావడం ఎట్లుంటుందో తెచ్చినవాళ్లను అడగండి. రైలులో ఒక సౌకర్యం ఉంది, చాలామందికి తెలియదు. వైద్యానికో చెకప్‌కో పోయే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీ క్లాసుల్లో చార్జీ పూర్తిగా మాఫీ. వెంట పోయే ఒక్కరికి ఆ క్లాసుల్లో 75 శాతం రాయితీ. దవాఖానలో డాక్టర్ సంతకం, ముద్ర వేసిన రాయితీ ఫారం స్టేషన్ కౌంటర్లో చూపించాలి. ఆ ఫారం నమూనా గుడి ఆఫీసులో పెడుతున్నాం. కాజీపేట స్టేషన్ దాకా వెంట వచ్చి టికెట్ తీయించడానికి రిటైరైన రైల్వే ఉద్యోగి ఒకరు ఒప్పుకున్నారు.

గుడిలో మనం మనం మాట్లాడుకోవాల్సినవీ కొన్ని ఉన్నాయి.

కీమోలో జుట్టు రాలిన ఆడవాళ్లు గుడికి రావడం మానేస్తున్నారు. మన దగ్గర గుండు కనబడితే "వేములవాడ పోయొచ్చినవా, తిరుపతా?" అని అడగడం అలవాటు. అడిగేవాళ్ల మనసులో చెడేమీ ఉండదు. ఒక అక్క కొన్నాళ్లు "ఆ, రాజన్న మొక్కు" అని చెప్పుకుంటూ వచ్చింది. కనుబొమ్మలు కూడా పోయాక ఆ మాట నమ్మేవాళ్లు లేక ఇంట్లోనే ఉండిపోయింది. బతుకమ్మ ఆటకు కూడా రాలేదు. దయచేసి అడగకండి. వస్తే పక్కన కాస్త జాగా ఇవ్వండి, చాలు.

కీమో నడుస్తున్నప్పుడు తెల్ల రక్తకణాలు తగ్గుతాయి, చిన్న ఇన్ఫెక్షన్ కూడా పెద్ద జ్వరమవుతుంది. వాళ్లు పండుగ రద్దీలో నిలబడకుండా, పొద్దున గుడి తీయగానే రావచ్చు. తీర్థం, పంచామృతం డాక్టర్ను అడిగాకే తీసుకోండి. తీసుకోకపోతే స్వామికి కోపం రాదని పంతులుగారే రాయమన్నారు. నోటిపూత ఉన్నవాళ్లకు పులిహోర మంట పుట్టిస్తుంది కాబట్టి శనివారాలు మిరియాలు, మిర్చి లేని మెత్తటి పొంగలి విడిగా వండిస్తాం. రేడియేషన్ ఇచ్చే చోట ఒంటి మీద గీతలు గీస్తారు. అక్కడ పసుపు, విభూతి, నూనె ఏవీ పూయకండి, ఎంత ప్రేమతో అయినా సరే. (ప్రొటీన్ కోసం డాక్టర్లు గుడ్లు తినమంటారు. గుడి వంటింట్లో గుడ్లు ఉడకవు. వాటి డబ్బు చేతికిస్తాం, ఇంట్లో ఉడకబెట్టుకోండి.)

"ఏ జన్మలో ఏం పాపం చేసిందో." ఈ మాట మన మండపంలోనే వినబడింది, అదీ ఆమె చెవిన పడేట్టు. గుడిలో కూర్చుని అనాల్సిన మాట కాదిది. గుట్కా, జర్దా, చుట్ట, బీడీ వల్ల నోటికి, గొంతుకు, ఊపిరితిత్తులకు క్యాన్సర్ వస్తుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు దాదాపు అన్నీ హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చేవే. కొందరికి ఏ కారణమూ దొరకదు. పక్కన కూర్చుంటే, ఒకే గ్లాసులో నీళ్లు తాగితే క్యాన్సర్ అంటుకోదు. అయినా కంచం వేరు, గ్లాసు వేరు పెట్టిన ఇళ్లున్నాయి, చదువుకున్నవాళ్ల ఇళ్లే. ఇక గుట్కా నమిలి తెచ్చుకున్నవాడికి మన డబ్బెందుకని కమిటీలో ఒకరు వాదించారు. మిగతావాళ్లం ఒప్పుకోలేదు. అతని భార్య ఏం నమిలిందని ఆమెను అప్పుల్లోకి తోస్తాం?

మొక్కుల సంగతి. మేడారంలో నిలువెత్తు బంగారం మొక్కుకున్నా, కొమురవెల్లి మల్లన్నకు పట్నం వేయిస్తామన్నా సంతోషం, తీర్చుకోండి. కీమో తేదీ తప్పించి మాత్రం జాతరకు పోకండి. తల్లి ఆగుతుంది, కీమో ఆగదు. పసరు మందుతో గ్యారంటీగా తగ్గిస్తామని డబ్బు గుంజేవాళ్ల దగ్గరికి పోవడానికి ఈ నిధి నుంచి పైసా ఇవ్వం. ఈ విషయంలో కఠినంగానే ఉంటాం.

సాయం ఎట్లా అందుతుందంటే, ఒక్కో కుటుంబానికి 10,000 రూపాయల వరకు, అవసరాన్ని బట్టి విడతలుగా ఇస్తాం. గది కిరాయి, చార్జీలు, తిండి, ఆ రోజుల్లో పోయిన కూలి, దేనికైనా వాడుకోవచ్చు. బిల్లులు అడగం. దవాఖాన ఫైలు ఒక్కసారి చూపిస్తే చాలు. కులం, మతం చూడం. పక్క వీధి మసీదు పెద్దలకు, చర్చి పాస్టర్‌గారికి కూడా ఈ మాట చెప్పి వచ్చాం. ఆరోగ్యశ్రీ, ముఖ్యమంత్రి సహాయ నిధి కాగితాలు నింపడం రానివాళ్లకు మన గుడికి వచ్చే టీచర్లు రాసిపెడతారు.

డబ్బు కంటే మనుషులు కావాలి అన్నవాళ్లూ ఉన్నారు. ఒంటరిగా ఉండే ముసలివాళ్ల వెంట ఒక్క రోజు దవాఖానకు పోగలిగితే, పిల్లలను బడి నుంచి తెచ్చి సాయంత్రం దాకా చూసుకోగలిగితే ఆఫీసులో పేరు రాయించండి. ఇంతకుముందు వైద్యం చేయించుకుని కోలుకున్న కొందరు శనివారం సాయంత్రం మండపంలో కూర్చోవడానికి ఒప్పుకున్నారు. కొత్తగా రిపోర్టు చేతికొచ్చినవాళ్లకు ఏ డాక్టరూ చెప్పని చిన్న చిన్న సంగతులు వీళ్లకు తెలుసు.

వైద్యం అయిపోయినవాళ్లను మనం త్వరగా మరిచిపోతాం. "తగ్గింది కదా" అంటాం. వాళ్లకు మొదట్లో కొన్ని నెలలకోసారి చెకప్ ఉంటుంది. స్కాన్ తేదీ దగ్గరపడితే ఇల్లంతా టెన్షన్. ఆ ప్రయాణాలకు కూడా నిధి వర్తిస్తుంది. అట్లాగే జబ్బు ముదిరి, డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నవాళ్లకు కూడా. ఇంటికి పొమ్మంటే వైద్యం అంతటితో అయిపోయినట్టు కాదు. నొప్పి తగ్గించే పాలియేటివ్ కేర్ ప్రభుత్వ దవాఖానల్లోనూ ఉంది. మార్ఫిన్ మాత్ర రాశారంటే చివరి ఘడియ వచ్చిందని భయపడి కొందరు వేయడం లేదు. అది నొప్పికి మందు. డాక్టర్ చెప్పిన లెక్కన వేస్తే ఆ మనిషి రాత్రిపూట నిద్రపోగలుగుతుంది, పక్కన కూర్చున్నవాళ్లూ ఒక గంట కళ్లు మూసుకోగలుగుతారు.

116, 516, 1,116, మీకు తోచినంత ఇవ్వండి. ఇంట్లో పెళ్లిరోజు, పెద్దల తిథి, పిల్లల పుట్టినరోజు పేరు మీద ఇవ్వొచ్చు. ఆఫీసు కౌంటర్లో రశీదు తీసుకోండి. స్కానర్‌తో పంపేవాళ్లు కౌంటర్ దగ్గర ఉన్న బోర్డు మీది స్కానర్‌కే పంపాలి. వాట్సాప్‌లో ఎవరైనా వేరే నంబరు పెట్టి మన గుడి పేరు చెబితే నమ్మొద్దు, వెంటనే మాకు చెప్పండి. దాతల పేర్లు, జమాఖర్చులు ప్రతి నెలా నోటీసు బోర్డులో పెడతాం. సాయం తీసుకున్నవాళ్ల పేర్లు ఎక్కడా పెట్టం. చెక్కు ఇస్తూ ఫొటోలు దిగడం ఉండదు.

సాయం కావలసినవాళ్లు కౌంటర్ దాకా రావడానికి మొహమాటపడితే పంతులుగారి చెవిన వేయండి, లేదా పక్కింటివాళ్లతో చెప్పించండి. సాయంత్రం హారతి అయ్యాక మేమే ఇంటికి వస్తాం.

ఇట్లు,
రామాలయం కమిటీ, హనుమకొండ