రేసుకి ముందు రోడ్డుని కొలవండి

సంపాదకుల వారికి నమస్కారం.

2024 ఆగస్టు చివర్లో మన చెన్నైలో ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ రాత్రిపూట ఫార్ములా కార్ల రేసు జరిగింది. ఫ్లాగ్ స్టాఫ్ రోడ్డు, అన్నా సాలై, శివానంద సాలై, నేపియర్ వంతెన అన్నీ కలిపి 3.5 కిలోమీటర్ల ట్రాకు. మన దేశంలో రాత్రి వేళ వీధుల్లో జరిగిన మొదటి రేసు అదే. దాని ఖర్చు గురించి, ట్రాఫిక్ గురించి ఎంతో వాదన నడిచింది. కార్ల కింద ఉన్న రోడ్డు గురించి మాత్రం నేను చదివింది చాలా తక్కువ. అంబత్తూరులో ఇరవై ఎనిమిదేళ్ళుగా సస్పెన్షన్ (కుదుపులు ఆపే స్ప్రింగులు, డ్యాంపర్లు) పని చేస్తున్నవాణ్ణి, నా కళ్ళు ముందు రోడ్డు మీదకే పోతాయి. అందుకే ఈ ఉత్తరం.

కొత్తగా తారు వేస్తే చాలు, రోడ్డు అద్దంలా ఉందంటాం. కానీ ఒక చిన్న లెక్క చూడండి. పది మీటర్లకి ఒకసారి రోడ్డు మెల్లగా లేచి పడుతోందనుకుందాం. 40 కిలోమీటర్ల వేగంతో స్కూటరు మీద పోయేవాళ్ళు సెకనుకి ఒక్కసారి ఊగుతారు, ఆ సంగతి వాళ్ళకి తెలియను కూడా తెలియదు. అదే చోట 180లో వచ్చే కారు సెకనుకి ఐదుసార్లు ఊగుతుంది. గట్టి స్ప్రింగులున్న రేసు కారు బాడీ సహజంగా ఊగే వేగం కూడా ఇంచుమించు అక్కడే ఉంటుంది. ఉయ్యాల వెనక్కి వచ్చిన ప్రతిసారీ సరిగ్గా సమయానికి తోస్తున్నట్టే అవుతుంది. ఊపు పెరుగుతూ పోతుంది.

టైరుకి పట్టు దాని మీద పడే బరువు వల్లే వస్తుంది. కారు ఊగుతున్నప్పుడు ఒక క్షణం బరువు పెరుగుతుంది, మరుక్షణం తగ్గుతుంది. పెరిగినప్పుడు వచ్చే అదనపు పట్టు, తగ్గినప్పుడు పోయినదాన్ని పూడ్చలేదు. సరిగ్గా బ్రేకు తొక్కినప్పుడు ఆ తేలిక క్షణం వస్తే చక్రం లాక్ అవుతుంది, అంటే తిరగడం మానేసి జారుతుంది. వీధి ట్రాకులో చాలాచోట్ల పక్కన ఖాళీ స్థలం ఉండదు, కాంక్రీటు గోడే ఉంటుంది.

కొన్నేళ్ళ క్రితం ఒక కుర్రాడు తన రేసు కారు మా షెడ్డుకి తెచ్చాడు. నెల్లూరు వైపు పిల్లవాడు. "అన్నా, ఆ ఒక్క మలుపులో కారు నా చేతిలో ఉండటం లేదు, ఎందుకో అర్థం కావట్లేదు" అన్నాడు. విప్పి చూస్తే బంప్ స్టాప్ రబ్బరు (స్ప్రింగు పూర్తిగా నొక్కుకుపోయినప్పుడు దెబ్బ ఆపేది) నలిగి పొడి పొడి అయిపోయింది. కారు అడుగున కొత్త గీతలు. అంటే మలుపు మధ్యలో ఉన్న పల్లంలో కారు పూర్తిగా కిందికి దిగి, అడుగు నేలకి తగులుతోంది. టైర్ల మీద ఉండాల్సిన బరువు ఆ క్షణంలో అడుగు మీద పడుతోంది. ఎత్తు కాస్త పెంచి ఇచ్చాం. తగలడం ఆగింది గానీ, అడుగున పోయే గాలి కారుని నేలకేసి లాగే బలం కొంత తగ్గిపోయింది. మిగతా మలుపుల్లో నెమ్మదించాల్సి వచ్చింది. రోడ్డులోని లోపాన్ని మేం కారులో సర్దాం, అంతకు మించి ఏమీ చేయలేకపోయాం. ఆ పిల్లవాడి వయసు పద్దెనిమిది. అప్పుడు నాకు కలిగిన టెన్షన్ ఇప్పటికీ పోలేదు.

పెద్ద పెద్ద ట్రాకులకే ఇది తప్పలేదు. అమెరికాలో ఆస్టిన్ ట్రాకు బంకమట్టి నేల మీద ఉంది, ఆ నేల కదులుతూ ఉంటుంది. 2021లో మోటోజీపీ బైకు రేసు రైడర్లు అక్కడి గతుకుల మీద గట్టిగా మాట్లాడితే కొంత భాగం మళ్ళీ వేయించారు. 2023లో అక్కడే ఫార్ములా వన్ డ్రైవర్లు హామిల్టన్, లెక్లేర్ కార్ల అడుగున ఉండే పలక నేలకి రాసుకుని హద్దు మించి అరిగిందని ఇద్దరి ఫలితాలూ రద్దు చేశారు. అదే ఏడాది నవంబరులో లాస్ వేగస్ వీధి ట్రాకులో నీటి వాల్వు మూత ఊడి, కార్లోస్ సైన్స్ అనే డ్రైవరు నడుపుతున్న ఫెరారీ కారు అడుగుని చీల్చేసింది. ప్రాక్టీసు మొదలై పది నిమిషాలైనా కాలేదు. పాడైన భాగాలు మార్చినందుకు రూల్ ప్రకారం అతనికే గ్రిడ్డులో (రేసు మొదలయ్యే వరసలో) పది స్థానాలు వెనక్కి పంపే శిక్ష పడింది. అది చదివి నాకు చాలా బాధ కలిగింది.

మన రోడ్ల విషయం మనకి తెలిసిందే. మ్యాన్‌హోల్ మూతలు తారు కన్నా ఎత్తుగానో పల్లంగానో ఉంటాయి. సిగ్నల్ దగ్గర బస్సులు ఆగి ఆగి తారు మడతలు పడుతుంది. వంతెన కదలకుండా నిలబడుతుంది, దాని ముందున్న మట్టి కట్ట కుంగుతుంది, అక్కడ మెట్టులా తయారవుతుంది. మా వీధిలో గొట్టం కోసం తవ్వి పూడ్చిన గాడి రెండు వానలకే కుంగిపోయింది. మా మేనల్లుడు బైకు మీద నుంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. వాడి వేగం ముప్ఫై కూడా లేదు.

కొలత లేదా అంటే ఉంది. రోడ్ల ఎగుడుదిగుళ్ళకి ఐఆర్ఐ అనే అంతర్జాతీయ సూచిక వాడతారు. కానీ ఆ లెక్కలో ఊహించుకునే కారు వేగం గంటకి 80 కిలోమీటర్లు. ఆ అంకె బాగున్నంత మాత్రాన రేసుకి పనికొస్తుందని అనలేం.

కాబట్టి చెన్నై వీధుల్లో మళ్ళీ రేసు పెట్టేట్టయితే, కార్లు పోయే గీత వెంట రోడ్డు ఎత్తుపల్లాలని లేజర్‌తో కొలిపించి, ఆ వేగాలకి లెక్కగట్టి, రేసుకి కనీసం నెల ముందు అందరికీ తెలిసేలా బయటపెట్టాలని నిర్వాహకులనీ ప్రభుత్వాన్నీ కోరుతున్నాను. ట్రాకులో ఎన్ని మూతలున్నాయో, వాటిలో దేన్ని వెల్డింగ్ చేశారో, దేన్ని బోల్టులతో బిగించారో కూడా చెప్పాలి. మొదటి ప్రాక్టీసు అవగానే డ్రైవర్లు ఏ మలుపులో ఏమన్నారో రాసిపెట్టి, ఆ రాత్రే సరిచేసే మనుషుల్నీ సామాన్నీ సిద్ధంగా ఉంచాలి. రేసు అయిపోయాక, ఈశాన్య రుతుపవనాల వానలు వెళ్ళాక, జనవరిలో అదే రోడ్డుని అదే పద్ధతిలో ఇంకోసారి కొలవాలి. అప్పటికి ఆ దారిన పోయేది మన ఆటోలు, స్కూటర్లే.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అంబత్తూరు, చెన్నై