పెట్టెలెక్కి తిరిగిన చైనా

ఒరేయ్ రాఘవా,

నీ ఉత్తరం అందింది. "పాత కుండలూ బొమ్మలూ ఊరేగిస్తే దేశాల మధ్య స్నేహాలు పెరుగుతాయిట్రా, అదంతా రిబ్బన్లు కత్తిరించడానికి" అని తీసిపారేశావు. సగం ఒప్పుకుంటాను. ఆ ప్రసంగాలు నాకూ పడవు. కానీ ఆ సరుకు ఎవరు సర్దారు, ఏ ఓడెక్కించారు, కింద చీటీ మీద ఎవరి పేరు రాశారు అని ఆరా తీస్తే అసలు రాజకీయమంతా అక్కడే దొరుకుతుంది. తీరిగ్గా చదువు, కాస్త పొడుగే.

1935 నవంబర్ నుంచి 1936 మార్చి దాకా లండన్‌లో బర్లింగ్టన్ హౌస్‌లో చైనా కళ మీద పెద్ద ప్రదర్శన జరిగింది. రాయల్ అకాడమీ వాళ్ళ భవనం అది. మూడు వేలకు పైగా వస్తువులు, నాలుగు లక్షల మందికి పైగా జనం. పూనుకున్నది పెర్సివల్ డేవిడ్ అనే చైనా పింగాణీ పిచ్చివాడూ, ఆయన తోటి సేకర్తలూ. అప్పటికే చైనా ఈశాన్యాన ఉన్న మంచూరియా జపాన్ చేతికి పోయింది. నాన్‌జింగ్‌లోని చైనా ప్రభుత్వానికి యూరప్ సానుభూతి కావాలి. అందుకే పెకింగ్ (ఇప్పటి బీజింగ్) రాజప్రాసాదపు సొత్తుని మొదటిసారి సముద్రం దాటించడానికి సరేనంది.

సరేననడం అంత తేలిగ్గా జరగలేదులే. చైనా పండితులు బహిరంగంగా గొడవ చేశారు. బీమా లేకుండా పంపడమేమిటన్నారు. పైగా వస్తువుల్ని ఎంపిక చేసే వాళ్ళలో పాల్ పెలియో అనే ఫ్రెంచి పండితుడు ఉన్నాడు. 1908లో చైనా వాయవ్యాన ఉన్న దున్‌హువాంగ్ గుహల నుంచి వేలకొద్దీ రాతప్రతుల్ని కారుచౌకగా కొని పారిస్‌కి పట్టుకుపోయిన మహానుభావుడు! మన ఇంట్లోంచి సామాను మోసుకుపోయినవాడే వచ్చి, మిగిలిన దాంట్లో ఏది బావుందో ఏరతానంటే ఎలా ఉంటుంది?

అనుమానం తీర్చడానికి ప్రభుత్వం ఓ పని చేసింది. పంపే ముందు అన్నిటినీ షాంఘైలో జనానికి చూపించింది. తిరిగొచ్చాక నాన్‌జింగ్‌లో మళ్ళీ చూపించింది. అసలువే వెళ్ళాయి, అసలువే వచ్చాయి, కళ్ళారా చూసుకోండి అని. నాకు లండన్ వైభవం కన్నా ఈ రెండు ప్రదర్శనలే నచ్చాయి.

ఇక బీమా బదులు బ్రిటన్ ఏకంగా యుద్ధనౌకనే పంపింది. పేరు సఫోక్. 93 పెట్టెలు ఎక్కించారు. తిరుగు ప్రయాణం మాత్రం రన్‌పురా అనే మామూలు ప్రయాణికుల ఓడలో. అది జిబ్రాల్టర్ దగ్గర గాలివానకి ఒడ్డున ఇరుక్కుంది. పెట్టెలకి ఏమీ కాలేదు కానీ, వెంట ఉన్నవాళ్ళ ప్రాణాలు ఎగిరిపోయి ఉంటాయి.

ఆ పెట్టెలతో లండన్ వెళ్ళినవాళ్ళలో జువాంగ్ యాన్ అని ఒకాయన ఉన్నాడు. ప్రాసాదపు సామాను లెక్కలు రాసే ఉద్యోగిగా చేరాడు. 1933లో జపాన్ భయంతో పదమూడు వేలకు పైగా పెట్టెల్ని పెకింగ్ నుంచి దక్షిణానికి తరలించాల్సి వచ్చినప్పుడు, పింగాణీ గిన్నెని పగలకుండా ఎలా సర్దాలో ఈ చదువుకున్నవాళ్ళెవరికీ తెలీదు. పాతసామాన్ల వర్తకుల్ని బతిమాలి నేర్చుకున్నారు. దూది, కాగితం, గడ్డి కూరి, లోపల వేలెడు సందు లేకుండా బిగించాలి. కదిలిందంటే పగిలినట్టే.

1937లో జపాన్ చైనా మీద పడగానే నాన్‌జింగ్ నుంచి ముందుగా కదిలించింది లండన్ వెళ్లొచ్చిన వాటిలో ఎనభై పెట్టెల సరుకునే. చాంగ్‌షా చేర్చారు, అక్కణ్ణుంచి గుయ్‌జౌ కొండల్లోకి. అన్‌షున్ అనే ఊరి బయట ఒక గుహలో దాచారు. జువాంగ్ యాన్ పెళ్ళాం పిల్లలతో సహా అక్కడే కాపురం పెట్టాడు. అంతర్యుద్ధంలో ఆ ప్రభుత్వం కమ్యూనిస్టుల చేతిలో ఓడిపోతోంటే, 1948 డిసెంబర్‌లో మళ్ళీ ఓడ, ఈసారి తైవాన్‌కి. తిరిగి పెకింగ్ మొహం చూడకుండానే 1980లో అక్కడే పోయాడు.

మరి లండన్‌లో సంపాదించిన సానుభూతి ఏమైందంటావు కదూ? 1940లో చైనాకి సరుకు చేరే బర్మా రోడ్డుని జపాన్ ఒత్తిడికి తలొగ్గి బ్రిటనే మూడు నెలలు మూసేసింది. కాబట్టి బొమ్మలు చూసి ఎవరూ సైన్యాలు పంపరు, అక్కడ నీ మాటే నెగ్గింది. కానీ ఆ తర్వాత నుంచీ, చైనా అంటే ఎవరు అన్న తగువులో ఈ వస్తువులే సాక్షులయ్యాయి. 1961లో తైవాన్ రాజధాని తైపే వాళ్ళు తమ పెట్టెల్ని అమెరికా అంతా తిప్పారు. 1973లో బీజింగ్ కమ్యూనిస్టు ప్రభుత్వం అదే బర్లింగ్టన్ హౌస్‌కి కొత్తగా తవ్విన వాటిని పంపింది: పచ్చరాతి బిళ్ళల్ని బంగారు తీగతో కుట్టిన రాణి కవచం, గాల్లో దౌడు తీసే కంచు గుర్రం. మరుసటేడు అవి వాషింగ్టన్ చేరాక విలేఖరులకి ముందస్తు చూపు రద్దయింది. తైవాన్, ఇజ్రాయెల్ లాంటి చోట్ల విలేఖరులు రాకూడదని చైనా పట్టుబట్టింది మరి. 2014లో టోక్యోలో తైవాన్ మ్యూజియం పేరులోంచి "జాతీయ" అన్న ముక్క కొన్ని పోస్టర్లలో ఎగిరిపోతే తైపే ప్రదర్శనే ఆపేస్తామంది. పోస్టర్లు మార్చాకే పని జరిగింది.

తైవాన్ జనం కూడా గట్టివాళ్ళే. 1996లో న్యూయార్క్‌కి పంపబోతే, వెయ్యేళ్ళ నాటి పట్టు చిత్రాలు ప్రయాణానికి ఆగవంటూ రోడ్డెక్కారు. చివరికి ఫాన్ క్వాన్ గీసిన కొండల చిత్రం తైపేలోనే ఉండిపోయింది. మన గుళ్ళో ఉత్సవ విగ్రహం ఊరేగుతుంది కానీ మూలవిరాట్టు కదలదు కదా, అలాగన్నమాట. నాకు వాళ్ళ పట్టుదలే న్యాయం అనిపిస్తుంది.

మన హైదరాబాద్‌కీ వచ్చిందిరోయ్, 2011లో. సాలార్‌జంగ్‌లో ప్రాచీన చైనా సంపద ప్రదర్శన. అంతకుముందు మన విగ్రహాలు చైనా వెళ్ళాయి, దానికి బదులన్నమాట. నువ్వు ఆ ఊళ్ళోనే ఉండి, గంట కొట్టే బొమ్మ గడియారం చూసి ఇంటికెళ్ళిపోయుంటావు, నాకు తెలుసు.

ఎప్పుడైనా లండన్ వెళ్తే బ్రిటిష్ మ్యూజియం మెట్ల దగ్గర తలెత్తి చూడు. దాదాపు ఆరు మీటర్ల పాలరాతి అమితాభ బుద్ధుడు, 585 నాటివాడు, రెండు చేతులూ లేవు. లూ అనే వ్యాపారి దగ్గరుండేది. 1935 ప్రదర్శన గుర్తుగా చైనా ప్రభుత్వం పేరుమీద మ్యూజియానికి కానుకైంది. అదే భవనంలో మన అమరావతి శిల్పాలున్నాయి. వాటిని మాత్రం మనం ఎవరికీ కానుకివ్వలేదు.

అన్నట్టు, వచ్చే నెల ఢిల్లీ వెళ్తున్నానన్నావు. నేషనల్ మ్యూజియం పుట్టిందీ ఇలాగే. 1947-48 చలికాలంలో ఆ బర్లింగ్టన్ హౌస్‌లోనే మన శిల్పాలు చూపించారు. తిరిగొచ్చిన వాటిని రాష్ట్రపతి భవన్‌లో పెట్టి, 1949 ఆగస్టు 15న దాన్నే మ్యూజియం చేశారు. వెళ్ళి, చీటీలన్నీ చదివి, ఏ ఊరి శిల్పం ఎవరి పేరుతో ఉందో నాకు రాయి. వదినకి నమస్కారాలు.

నీ
శేఖరం